ఎదుటి వరుస వంతు

దయ్యాల మీద వాదనలో నన్ను ఇంతవరకు ఎవరూ గెలవలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల పరీక్షలు చేసే గదిలో టెక్నీషియన్‌గా పనిచేశాను. రోగి గొట్టంలోకి ఊదుతాడు, యంత్రం గీత గీస్తుంది. రోగి తనకేమీ లేదన్నా, చచ్చిపోతున్నానన్నా నేను నమ్మింది ఆ గీతనే. కతోలిక్ కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి ఆత్మ ఉందని నమ్ముతాను. అయితే ఆత్మ ఉందనుకోవడం వేరు, అది వెనక్కి వచ్చి మనుషుల మధ్య తిరుగుతుందనుకోవడం వేరు. అలాంటి కథ ఎవరైనా మొదలుపెడితే, టైమెంత, వెలుతురు ఎటునుంచి వస్తోంది, ముందు రోజు సరిగ్గా నిద్రపోయావా అని అడిగి ఆ కథని అక్కడే ఆపేసేదాన్ని.

ఇప్పుడు ఆ ప్రశ్నలే నన్ను నేను వేసుకుని వేసుకుని అలసిపోయాను. జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

నేనుండేది లండన్‌లో. ఇంగ్లండ్‌లోది కాదు, కెనడాలోది. గుంటూరు నుంచి ఫోన్ చేసే ప్రతివాళ్ళకీ ఈ ముక్క చెప్పాలి. చెప్పినా, మళ్ళీ ఫోన్ చేసినప్పుడు రాజుగారి కోట చూశావా అని అడుగుతారు. నాకు అరవై ఎనిమిదేళ్ళు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. కూతురు ఏజాక్స్ అనే ఊళ్ళో ఉంటుంది. నా పేరు శౌరమ్మ. ఈ పేరుతో తర్వాత పని ఉంది, అందుకని ఇప్పుడే చెబుతున్నాను.

మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక పల్లెకు ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి వచ్చే ఊళ్ళల్లో మిగతా రోజులు ప్రార్థనలు నడిపించేది, పిల్లలకు జపాలు నేర్పేది, చనిపోయినవాళ్ళను సమాధి చేయించేది ఉపదేశే. నాన్న చిన్నతనంలో ఒక విదేశీ ఫాదర్ దగ్గర లాటిన్ కీర్తనలు నేర్చుకున్నారు. వాటిని తెలుగు అక్షరాల్లో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారు. అర్థం కొంతే తెలుసు. రాగం మాత్రం ఎక్కడా తప్పేవారు కాదు. గుళ్ళో పూజ తెలుగులోకి మారి ఏళ్ళు గడిచినా, చావు దగ్గర మాత్రం ఆయన లాటిన్ వదల్లేదు. పక్కన నిలబడి పాడడానికి ఆయనకు దొరికింది నేనొక్కదాన్నే.

ఆ గానం ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగినదేమిటో అర్థం కాదు. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఐరోపా మఠాల్లో సన్యాసులు పాడుకున్నది అది. తాళం ఉండదు, వాయిద్యం ఉండదు, అందరిదీ ఒకటే స్వరం. మనుషులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడతారు. మొదటి చరణం ఒక వరుస పాడితే రెండో చరణం ఎదుటి వరుస పాడుతుంది. చివరిదాకా అలా మార్చి మార్చి పాడతారు. ప్రతి చరణానికీ మధ్యలో పుస్తకంలో ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. అక్కడ ఆగి, ఆ తర్వాత మిగతా సగం ఎత్తుకోవాలి.

ఎంతసేపు ఆగాలన్నదే నా గొడవంతా.

మా నాన్న లెక్కలో, చావు కీర్తన పాడేటప్పుడు ఆ నక్షత్రం దగ్గర పోయినవాళ్ళ పేరు మనసులో పూర్తిగా అనుకోవాలి. ఇంటిపేరుతో సహా. అది అయ్యేదాకా గొంతు లేవకూడదు. ఆయనకు ఇంకో నియమం కూడా ఉండేది. అంటురోగంతో పోయినవాళ్ళకి, ఊళ్ళో ఎవరికీ పడనివాళ్ళకి, ఎదుటి వరుసలో నిలబడడానికి ఎవరూ వచ్చేవారు కాదు. అప్పుడు నాన్న తన చరణం పాడి, తర్వాతి చరణానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నోరు మూసుకుని నిలబడేవారు. ఆ తర్వాతే మళ్ళీ తన వంతు ఎత్తుకునేవారు. నేను మధ్యలో నోరు తెరవబోతే భుజం మీద చెయ్యి వేసేవారు. "ఎదుటి వరుస వంతు మనది కాదమ్మా. వాళ్ళు రాకపోయినా వాళ్ళదే," అనేవారు. ఎండలో, పూడ్చని గుంట పక్కన, ఆ ఖాళీ నాకు చాలా పొడుగ్గా అనిపించేది.

ఇక్కడ మా గుడిలో నెలకోసారి లాటిన్ పూజ ఉంటుంది. దానికి పాడే చిన్న బృందంలో పదకొండేళ్ళ కిందట చేరాను. నడిపించేది వాల్టర్ అనే ఆయన. హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరైన మనిషి. పొడుగ్గా ఉంటారు, ఎప్పుడూ ఒకే బూడిద రంగు స్వెటర్. నచ్చకపోతే పెన్సిల్‌తో స్టాండు మీద కొట్టి అందరినీ ఆపేస్తారు. ఎడమ వరుస చివర ఆయన నిలబడేవారు. నేను కుడి వరుస. అంటే పదకొండేళ్ళు నేను ఆయన ముఖం చూస్తూనే పాడాను.

చేరిన ఆరో వారం, బుధవారం ప్రాక్టీసులో, నక్షత్రం దగ్గర నేను అలవాటు కొద్దీ ఆగాను. నా వరుస నన్ను వదిలేసి ముందుకు పోయింది. పెన్సిల్ టకటకమంది. "సారా, మనం ఇక్కడ బస్సు కోసం నిలబడలేదు," అన్నారు ఇంగ్లీషులో. అందరూ నవ్వారు. ఎవరు ముందు నవ్వారో కూడా నాకు గుర్తుంది. తర్వాతి వారం నన్ను రేడియేటర్ పక్కకి, వెనక్కి మార్చారు. కీర్తన మొదటి ముక్క ఒంటరిగా ఎత్తుకునే అవకాశం యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్లకి రెండు నెలల్లో ఇచ్చారు. నాకు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

నా పేరు సారా కాదు, శౌరమ్మ అని నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి చెప్పలేదు. ఆ పేరు వాళ్ళకి కష్టం కదా మామ్ అని మా అమ్మాయి సర్దిచెప్పబోయింది. రెండు వేల ఏళ్ళ నాటి భాషలో ప్రతి అక్షరం విడివిడిగా పలకాలని పెన్సిల్ విరగ్గొట్టే మనిషికి మూడక్షరాల పేరు కష్టమని నేను ఒప్పుకోను.

నేను ఊరుకోలేదు. యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి ఒక పాత పుస్తకం పట్టుకున్నాను. నక్షత్రం దగ్గర నిదానంగా ఆగడమే కొన్ని మఠాల్లో పాత పద్ధతి అని అందులో ఉంది. ఆ పేజీ ఫొటోకాపీ తీయించి, కింద గీత గీసి ఆయన చేతికిచ్చాను. మడిచి స్వెటర్ జేబులో పెట్టుకున్నారు. దాని గురించి ఆ తర్వాత ఒక్క మాట లేదు.

నేను కోరింది పెద్దది కాదు. మా నాన్న పద్ధతి తప్పు కాదని ఒక్కసారి అంటే చాలు. అనడానికి నోరు రాకపోతే, ఒక్క కీర్తనకి నాతోపాటు ఆగినా చాలు. అది జరగలేదు. మా ఆయన పోయినప్పుడు బృందమంతా వచ్చి పాడారు, దానికి నేను థాంక్స్ కూడా చెప్పాను. కానీ ఆ రోజు కూడా వాల్టర్ తన తొందరలోనే నడిపించారు. నక్షత్రం దగ్గర నేను మా ఆయన పేరు మొదలుపెట్టడం, అది సగంలో ఉండగానే మిగతావాళ్ళ గొంతు లేవడం. చరణం తర్వాత చరణం, ప్రతిసారీ సగంలోనే తెగింది. అది నేను మర్చిపోలేదు. మర్చిపోవాలని ప్రయత్నించనూ లేదు.

చివరి రెండేళ్ళలో వాల్టర్ గొంతు దిగడం మొదలైంది. చరణం మొదట్లో సరిగ్గానే ఉండి, చివరికి వచ్చేసరికి కొంచెం కిందకి జారేది. ఎదురుగా నిలబడ్డవాళ్ళకే తెలిసేంత తేడా. నేను గుడి కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానో కాసేపటికి తెలుస్తుంది.

పోయిన ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు. ఆయన చెల్లెలు ఆగ్నెస్ ఫోన్ చేసింది. ఆమెకు ఎనభై దాటాయి. అన్న కాగితం రాసి పెట్టాడని చెప్పింది: ఆర్గాన్ వాయిద్యం వద్దు, రెండు వరుసలుగా లాటిన్ కీర్తన పాడాలి, ఒక్క చరణం కూడా తగ్గించకూడదు. బృందంలో అప్పటికి మిగిలింది ఐదుగురం. వస్తామని ఐదుగురమూ చెప్పాం.

ఆ రోజు తెల్లారేసరికి గడ్డకట్టే వాన. చెట్ల కొమ్మలన్నిటికీ గాజు తొడిగినట్టుంది. ఎనిమిదిన్నర నుంచి ఒక్కొక్కరే మెసేజ్ పెట్టడం మొదలుపెట్టారు. రోడ్లు బాలేవు, సారీ, స్టే సేఫ్. నలుగురూ అవే మాటలు. బస్సు జోకుకి అందరికంటే ముందు నవ్వినామె అయితే మెసేజ్ చివర ఒక గుండె బొమ్మ కూడా పెట్టింది.

మా అమ్మాయి ఫోన్ చేసి, ఆయన మీద అంత కోపం పెట్టుకుని ఈ ఐస్‌లో ఎందుకు వెళ్తున్నావంది. మానేస్తే మా ఆయన విషయంలో వాల్టర్ చేసిందే నేనూ ఆయనకు చేసినట్టవుతుంది. అప్పుడు నాకు మాట్లాడే హక్కు ఉండదు. అది నాకిష్టం లేదు.

పక్కింటి విజయలక్ష్మి గారు నన్ను కారులో తీసుకెళ్ళారు. ఆవిడది కాకినాడ, రిటైరైన డాక్టరు. ఐదేళ్ళ కిందటే మా వీధికి వచ్చారు. హిందువులు, మా గుడి లోపలికి రావడం అదే మొదటిసారి. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి. ఎవరైనా పక్కన కూనిరాగం తీసినా శ్రుతి సరిచేయకుండా ఉండలేరు. వాల్టర్‌ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు, ఆయన పాట వినలేదు.

పూజ పదిన్నరకి. వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది, నన్ను వదిలేసి. పాటగాళ్ళ బల్లలు పీఠానికి దగ్గరగా ఎదురెదురుగా ఉంటాయి. ఎడమవైపు బల్ల ముందు లావు స్తంభం ఉంది, కూర్చున్నవాళ్ళకి ఆ బల్ల కనబడదు. నా బల్ల నుంచి చూస్తే మాత్రం పూర్తిగా కనబడుతుంది. ఆగ్నెస్ ఆయన కీర్తనల పుస్తకం తెచ్చి ఎడమ బల్ల మీద ఆయన చోట పెట్టింది. అక్కడ ఆ పుస్తకం తప్ప ఏమీ లేదు. ఎవరూ లేరు. ఇది నేను ఒట్టేసి చెప్పగలను.

మొదటి చరణం నేనే ఎత్తుకున్నాను, పదకొండేళ్ళ తర్వాత. నక్షత్రం దగ్గర మా నాన్న చెప్పినంతసేపూ ఆగాను. వాల్టర్ జోసెఫ్ బ్రెనర్ అని మనసులో అనుకున్నాను. ప్రేమగా అనుకున్నానని చెప్పను. పూర్తిగా అనుకున్నాను.

తర్వాత ఆయన వరుస వంతు. నోరు మూసుకుని నిలబడ్డాను. పుస్తకం వైపు చూస్తూ, ఆ చరణాన్ని మనసులో ఆయన పద్ధతిలోనే నడిపించాను. నక్షత్రం దగ్గర ఆయన ఆగే ఆ చిన్న క్షణం మాత్రమే ఆగాను. ఆయన వంతు ఆయనది. పోయిన మనిషి మీద నా పద్ధతి రుద్దానన్న మాట నాకొద్దు. అయిపోగానే నా చరణం ఎత్తుకున్నాను. అలా పదహారు చరణాలు, నావి ఎనిమిది, ఆయనవి ఎనిమిది. ఆయన ఆఖరి చరణం తర్వాత ముగింపు వాక్యం నేనే పాడాను.

ఆ ఖాళీల్లో నాకు వినబడినవి చెబుతాను. హీటర్ గాలి. కిటికీ అద్దాల మీద వాన. వెనక ఎవరిదో దగ్గు. అంతకు మించి ఒక్కటి కూడా వినబడలేదు. చలి వేయలేదు, వెంట్రుకలు నిక్కబొడుచుకోలేదు, పుస్తకం పేజీ కదలలేదు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, త్వరగా అయిపోతే బాగుండుననిపించింది.

పూజ చివర ఫాదర్, ఈ వాతావరణంలో కూడా వచ్చిన మన గాయకులిద్దరికీ కృతజ్ఞతలు అన్నారు. ఆయన వచ్చి ఆరు నెలలే, వయసులో చిన్నవారు. వచ్చింది ఒక్కరో ఇద్దరో కూడా చూసుకోలేదని నాకు ఒళ్ళు మండింది. కమిటీకి రాయాల్సిన వాటిలో ఇదొకటి అనుకున్నాను.

కింద హాల్లో టీ, శాండ్‌విచ్‌లు పెట్టారు. ఆగ్నెస్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె మాట్లాడింది ఇంగ్లీషులో, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడా? థాంక్స్ చెబుదామనుకున్నాను."

ఏ పెద్దమనిషి అన్నాను.

"నీ ఎదుటి వైపు పాడినాయన. వాల్టర్ అలిసిపోయినప్పుడు అచ్చం అలాగే ఉండేది గొంతు. మొదట్లో వాడిలాగే తొందరపడ్డాడు. తర్వాత నీ కోసం ఆగడం మొదలుపెట్టాడు. మా వాల్టర్ జన్మలో ఎవరి కోసమూ ఆగలేదు."

ముసలావిడ, అన్న పోయిన దుఃఖంలో ఉంది. చెయ్యి నొక్కి ఊరుకున్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు కారు అద్దం మీద మంచు గీకి లోపల కూర్చున్నాక విజయలక్ష్మి గారు మొదలుపెట్టారు.

"ఆ మగాయన ఎవరండీ? మీరెప్పుడూ చెప్పలేదే."

"ఎవరు?"

"అదేనండీ, మీతో మార్చి మార్చి పాడినాయన. గొంతు నిండుగానే ఉంది గానీ, ఏమీ అనుకోకండి, శ్రుతి జారుతోంది. లైన్ చివరికొచ్చేసరికి కిందకి దిగిపోతున్నాడు. మీరేమో ప్రతిసారీ మళ్ళీ కరెక్ట్ చోట అందుకుంటున్నారు. అందుకే చెప్తున్నా, మీది గట్టి చెవి."

"విజయలక్ష్మి గారూ, నేనొక్కదాన్నే పాడాను."

ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి నిట్టూర్చారు. "ఆయనతో కూడా మీకు మాటల్లేవా ఏంటి? పోనీలెండి, చావు దగ్గర కూడా ఎందుకండీ ఈ పంతాలు. సీట్ బెల్ట్ పెట్టుకోండి."

నేను ఎవరితోనో గొడవపడి, ఆ మనిషి అసలు లేడన్నట్టు మాట్లాడుతున్నానని ఆవిడ అనుకున్నారు. నా మీద ఆవిడకున్న అభిప్రాయం నాకు తెలుసు, అది వేరే సంగతి. కానీ ఇంటికి చేరేదాకా నా బుర్రలో తిరిగింది ఆవిడ శ్రుతి గురించి అన్న మాటే. శ్రుతి జారడం గురించి నేను కమిటీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు చెప్పి ఉంటే ఆ రోజే గంటసేపు పాఠం చెప్పేవారు, అది నాకు గుర్తుండేది.

మర్నాడు గుడికి ఫోన్ చేసి ఫాదర్‌ని అడిగాను. ఎడమవైపు నుంచి ఒక పెద్దాయన గొంతు విన్నానని, ప్రార్థనలో ఉండి అటు చూడలేదని చెప్పారు. ఎవరో మీకు తెలియదా అని తిరిగి నన్నే అడిగారు.

అప్పుడు ఆసుపత్రిలో చేసినట్టే చేశాను. గుడికి వెళ్ళి చూశాను. నేల అంతా కార్పెట్, నా గొంతు నాకే సరిగ్గా తిరిగి రాదు, ప్రతిధ్వని అనుకోవడానికి వీల్లేదు. పైన ఆర్గాన్ ఉన్న చోటికి వెళ్ళే తలుపుకి తాళం, తాళంచెవి ఆఫీసులో ఉంది, ఆ వారం ఎవరూ తీసుకోలేదు. ఎవరి ఫోన్‌లోనైనా వాల్టర్ పాత రికార్డింగ్ మోగిందేమో అనుకుంటే, ఆయన రికార్డింగులు ఒప్పుకునే మనిషి కాదు. ఒకసారి నేను ప్రాక్టీసుకని రికార్డు చేయబోతే అందరి ముందూ ఫోన్ లోపల పెట్టించారు.

గుడిలో పూజలన్నీ వీడియో తీస్తారు. ఆ లింకు కోసం ఆఫీసుకి మూడుసార్లు ఈమెయిల్ పెట్టాను, మూడోదానికి పంపించారు. కెమెరా పీఠం వైపే ఉంటుంది, బల్లలు కనబడవు. శబ్దం మాత్రం బాగా వచ్చింది. వంటగదిలో టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి, కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని విన్నాను.

నా గొంతు ఉంది. ఖాళీ ఉంది. నా గొంతు ఉంది. ఖాళీ ఉంది. ఖాళీల్లో హీటర్ తప్ప ఏమీ లేదు.

అంటే నాకు వినబడనిది యంత్రానికీ వినబడలేదు. నా వరకు కేసు అక్కడితో మూసేయవచ్చు. మూసేసేదాన్నే. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు చేతిని ఊరుకోనివ్వదు. రిటైరైనప్పుడు తెచ్చుకున్న పాత స్టాప్‌వాచ్ సొరుగులో ఉంది. ఖాళీలు కొలవడం మొదలుపెట్టాను.

చరణాలన్నీ ఒకే పొడుగు ఉండవు. అందుకని ఆయన వంతు చరణాలు ఎనిమిదింటినీ నేనే వాల్టర్ పద్ధతిలో పాడి, ఒక్కోదానికి ఎంత పడుతుందో రాసుకుని, వీడియోలో ఖాళీతో పోల్చాను. మొదటి మూడు ఖాళీలు సరిగ్గా సరిపోయాయి. ఆయన చిన్న విరామం లెక్క పెట్టుకుని నేను నిలబడ్డ మాట నిజమే.

నాలుగో ఖాళీ రెండున్నర సెకన్లు ఎక్కువ ఉంది. ఐదోదీ అంతే. ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ అంతే.

నేను ఆగే విరామానికీ వాల్టర్ ఆగే విరామానికీ తేడా ఎంతని కొలిచాను. రెండున్నర సెకన్లు.

మర్నాడు మళ్ళీ కొలిచాను. ఒక వారం ఆగి, మొదటి కాగితం చూడకుండా మూడోసారి కొలిచాను. తేడా లేదు. నాలుగో ఖాళీ నుంచి, నా వంతు వచ్చాక కూడా నేను ఎత్తుకోకుండా ఇంకా నిలబడి ఉన్నాను. ఎదుటివాళ్ళు ఇంకా ముగించలేదన్నట్టు. నాకు అలా నిలబడినట్టు గుర్తు లేదు. మనసులో ఆయన చరణాన్ని చివరిదాకా ఒకే తొందరలో నడిపించినట్టే గుర్తుంది. మొదట్లో తొందరపడి, తర్వాత ఆగడం మొదలుపెట్టాడని ఆగ్నెస్ చెప్పింది ఈ వీడియో ఎవరూ చూడకముందు, శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని.

మా అమ్మాయికి చెప్పాను. "మామ్, యూ వర్ టయర్డ్," అంది. అలసిపోయిన మాట నిజం. అలసిపోతే తప్పులు వస్తాయి, కానీ ఐదుసార్లు ఒకే కొలతలో రావు. ఆ మాట అంటే, "లెట్ ఇట్ గో, ప్లీజ్," అంది. ఈ మాట ఆమె నాకు చాలా విషయాల్లో చెబుతుంది.

విజయలక్ష్మి గారికి లింకు చూపించాను. మొత్తం విన్నారు. రెండోసారి పెట్టమన్నారు. తర్వాత, "ఇది ఆ రోజుది కాదండీ," అన్నారు. ఆ రోజుదే అని తేదీ చూపించాను. ఆవిడ ఆ తేదీని రెండుసార్లు చదువుకున్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "మీరు పాడుతుంటే ఆయన ఆగాడండీ. నేను విన్నాను. నాకు చెవుడు లేదు," అన్నారు, నేనేదో కాదన్నట్టు.

ఏప్రిల్లో ఆగ్నెస్‌కి ఫోన్ చేశాను. వాల్టర్ కాగితాల్లో గీత గీసిన ఫొటోకాపీ ఒకటి ఉందా అని అడిగాను. చదివారో లేదో తెలిస్తే ఏదో ఒకటి తేలుతుందనిపించింది. కాగితాలన్నీ మనవలు బ్లూ బాక్స్‌లో వేసి రీసైక్లింగ్‌కి పంపించేశారట. సారీ చెప్పింది. సారీ సారా అంది. అన్న దగ్గర విన్న పేరే కదా ఆమెకు తెలిసేది.

ఇంతే జరిగింది. ముగ్గురు విన్నారు. ముగ్గురూ దీని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నవాళ్ళు కాదు. ఆ గొంతుకి అందరికంటే దగ్గరగా, పదడుగుల దూరంలో, దానికి ఎదురుగా నిలబడ్డ నాకు మాత్రం ఏమీ వినబడలేదు. పదకొండేళ్ళు అడిగింది నేను. వినబడింది ఊరందరికీ. దీన్ని కూడా ఆయన నాకు చేసినవాటిలో కలపాలా, వేరుగా పెట్టాలా అన్నది నాలుగు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాను.

సాయంత్రాలు వంటగదిలో ఇప్పటికీ కీర్తన పాడుకుంటాను. నా చరణం పాడి, ఎదుటి వరుస వంతు వదిలేస్తాను. ఫ్రిజ్ శబ్దం వస్తుంది. అయ్యాక మళ్ళీ నా వంతు ఎత్తుకుంటాను.

ఒక్క ప్రశ్న మాత్రం వదలడం లేదు. నక్షత్రం దగ్గర ఆగేది పోయినవాళ్ళ పేరు అనుకోవడానికి. ఆయన పేరు నా వంతులో నేను అనుకున్నాను. మరి తన వంతులో ఆగిన ఆ విరామంలో ఆయన అనుకున్నది ఎవరి పేరు? నాది కాదు. నేను బతికే ఉన్నాను, పైగా నా పేరు ఆయనకు రాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ గుడిలోనే ప్రతి చరణంలోనూ సగంలో తెగిపోయిన పేరు ఒకటుంది. తుమ్మా జోజప్ప. మా ఆయనది.

స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ పేరు మనసులో నిదానంగా, ఇంటిపేరుతో సహా అనుకుని చూశాను. ఆ విరామంలో సరిగ్గా పడుతుంది.

అంత పొడుగు పేర్లు లోకంలో చాలా ఉంటాయని నాకు తెలుసు.